ఇంట్లో చేసిన సబ్బు ఏ మెషీన్‌కి పడుతుంది, దేనికి పడదు

ఒక సబ్బు బిళ్ల తురిమి, చాకలి సోడా కలిపి డబ్బాలో పోసుకుంటే ఇక బట్టల పొడి కొనక్కర్లేదని యూట్యూబ్‌లో ఏ వీడియో తెరిచినా చెబుతున్నారు. ఆ పాళ్లు అమెరికా నుంచి వచ్చినవి. అక్కడ సబ్బు, సోడా, వెలిగారం కలుపుతారు. మన వీడియోల్లో వెలిగారం బదులు వంట సోడా పడుతోంది, మిగతాదంతా మక్కీకి మక్కీ. ఏం కలపాలన్నది తర్వాత సంగతి. ముందు చూసుకోవాల్సినవి రెండు: మీ ఇంటికి వచ్చే నీళ్లు ఎలాంటివి, మీ మెషీన్ ఒక ఉతుక్కి ఎన్ని నీళ్లు పోసుకుంటుంది.

ముందు నీళ్లు. మనం ఉప్పు నీళ్లు అనేవాటిలో సబ్బుకి అడ్డుపడేది ఉప్పు కాదు, కాల్షియం, మెగ్నీషియం. అవి సబ్బుతో కలిస్తే నీళ్లలో కరగని తెల్లటి తెట్టు తయారవుతుంది. బకెట్ అంచున జిడ్డుగా పట్టేది అదే. మెషీన్‌లో అయితే అది బట్టల్లోకీ డ్రమ్ము వెనక్కీ పోతుంది. నీళ్లలో ఈ రెండూ ఎంత ఉన్నాయో చెప్పే అంకెనే కాఠిన్యం అంటారు. తాగే నీళ్లలో అది లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేకపోతే 600 వరకు పర్వాలేదని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) చెబుతుంది. మన బోరు నీళ్లలో 300 దాటడం పెద్ద వింతేమీ కాదు. కృష్ణా, గోదావరి, మంజీరా నల్లా నీళ్లు సాధారణంగా బోరు కంటే చాలా నయం.

ఒక లెక్క చూద్దాం. 300 కాఠిన్యం ఉన్న నీళ్లు 45 లీటర్లు, అంటే సెమీ ఆటోమేటిక్‌లో ఒక తొట్టెడు. వాటిలోని కాల్షియం దాదాపు 75 గ్రాముల సబ్బుని మింగేస్తుంది. మామూలు సబ్బు బిళ్ల ఒకటి పూర్తిగా పోతుందన్నమాట, అదీ మురికి జోలికి వెళ్లకుండానే. వీడియోలో చెప్పినట్టు రెండు చెంచాల పొడి వేస్తే అందులో ఒక్క గ్రాము కూడా బట్టకి పని చేయదు.

కాఠిన్యం ఎంతో తెలుసుకోవడానికి ఆర్వో బాగుచేసే అబ్బాయి చూపించే టీడీఎస్ మీటర్ పనికిరాదు. అది కరిగి ఉన్న అన్ని లవణాలనూ కలిపి చూపిస్తుంది. చేపల తొట్టెల సామాను అమ్మే షాపుల్లో చుక్కలు లెక్కబెట్టే కాఠిన్యం కిట్ దొరుకుతుంది, అది చాలు. అదీ లేకపోతే ఒక గాజు సీసాలో సగం నీళ్లు పోసి, గోరంత సబ్బు తురుము వేసి బాగా ఊపండి. నురగ పైన నిలబడి కింద నీళ్లు కాస్త తేటగా ఉంటే మంచి నీళ్లు. నురగ లేకుండా నీళ్లంతా విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా తేలితే, ఆ నీళ్లలో సబ్బుతో ఉతకాలంటే ముందు సోడా పడాల్సిందే.

సోడా ఎంత? లీటరుకి 100 మిల్లీగ్రాముల కాఠిన్యానికి నీరు లేని సోడా దాదాపు 106 మిల్లీగ్రాములు. పైన చెప్పిన 45 లీటర్లకి 15 గ్రాములు, 600 కాఠిన్యమైతే 30. కాకపోతే కొట్లో చాకలి సోడా రెండు రకాలుగా దొరుకుతుంది. పిండిలా పొడిగా ఉంటే అది సోడా యాష్, ఈ లెక్క దానికే. అద్దం ముక్కల్లా మెరుస్తూ చేతికి చల్లగా, తడిగా తగిలే పలుకులైతే అందులో 63 శాతం నీరే, కాబట్టి 2.7 రెట్లు వేయాలి. ఆ పలుకుల్ని స్టీలు మూకుట్లో వేడి చేస్తే ముందు తమ నీళ్లలోనే కరిగిపోతాయి, తర్వాత నీరు ఇగిరి తెల్లటి పొడి మిగులుతుంది. అల్యూమినియం మూకుడు మాత్రం వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. ఇంకో మాట: సోడా కాల్షియాన్ని బాగా పట్టుకుంటుంది గానీ మెగ్నీషియాన్ని అంతగా పట్టుకోలేదు. అందుకే లెక్క ప్రకారం వేసినా కొన్ని బోర్లలో తెట్టు పూర్తిగా పోదు.

సబ్బునీ సోడానీ ఒకే డబ్బాలో కలిపి పెట్టుకోవద్దనేది నా గట్టి అభిప్రాయం. సోడా నీళ్లని బట్టి వేయాలి, సబ్బు మురికిని బట్టి వేయాలి. రెండూ కలిపేశాక ఒకటి సరిపోతే రెండోది ఎక్కువో తక్కువో అవుతుంది.

సెమీ ఆటోమేటిక్: సబ్బుకి సరైన చోటు

నిజమైన సబ్బు హాయిగా పనిచేసే మెషీన్ ఇదొక్కటే. నీళ్లు ఎక్కువ, మూత ఎప్పుడైనా తీయొచ్చు, నురగ పొంగినా ఆపే సెన్సర్ లేదు, జాడించడం మన చేతిలో ఉంది.

షాపులో కొన్న బిళ్లతో చేయాలనుకుంటే ప్యాకెట్ మీద టీఎఫ్ఎం అంకె చూడండి, సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పేది అది. 70 పైన ఉంటే తురమొచ్చు. బట్టల బిళ్లలని అమ్మేవాటిలో చాలావరకు సబ్బే కాదు, డిటర్జెంటుకి సున్నపురాయి పొడి, తెల్లమట్టి లాంటివి కలిపి ఒత్తిన దిమ్మలు. రాయి మీద రుద్దడానికి అవి బాగుంటాయి. తురిమి మెషీన్లో వేస్తే ఆ మట్టంతా తొట్టి అడుగున చేరుతుంది.

సొంతంగా కాయాలనుకుంటే కొబ్బరి నూనె మిగతా నూనెలకంటే మేలు. దాని సబ్బు చల్లటి నీళ్లలో కూడా త్వరగా కరుగుతుంది, కాస్త ఉప్పు నీళ్లలోనూ నురగ వస్తుంది. కిలో నూనెకి కాస్టిక్ సోడా 180 గ్రాములు, నీళ్లు 360 గ్రాములు. అన్నీ తూకమే, కొలత గిన్నెలు పనికిరావు. లీటరు నూనె ప్యాకెట్ తూకంలో 915 గ్రాముల దాకా ఉంటుంది గనక దానికి 165 గ్రాముల కాస్టిక్ చాలు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. లీటరంటే కిలో అనుకుని 180 వేస్తే నూనెకి మించిన కాస్టిక్ సబ్బులో మిగిలిపోయి చేతులు కాలుతాయి.

చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకి అద్దాలు, పక్కన పిల్లలు లేకుండా చూసుకోవడం, ఇవి తప్పనిసరి. స్టీలు గిన్నెలో ముందు నీళ్లు పోసి, ఆ నీళ్లలో కాస్టిక్‌ని కొద్దికొద్దిగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే ఉడికి ఎగజిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వాడితే హైడ్రోజన్ వాయువు పుట్టి గిన్నె చిల్లులు పడుతుంది. చర్మం మీద పడితే వెనిగరూ నిమ్మరసమూ వెతకొద్దు, కుళాయి కింద పదిహేను నిమిషాలు పట్టండి. కంట్లో పడితే అలాగే కడుగుతూనే ఆసుపత్రికి.

ద్రావణం గిన్నె బయట చెయ్యి ఆనించగలిగేంత, అంటే 40 డిగ్రీల దగ్గరికి చల్లారాక నూనెలో సన్నటి ధారగా పోస్తూ కలపాలి. చేత్తో కలిపితే అరగంట అటూ ఇటూ, కరెంటు బ్లెండరైతే కొద్ది నిమిషాలు. గరిట ఎత్తినప్పుడు కారిన ధార పైన గీతలా ఒక క్షణం నిలబడితే అచ్చులో పోయొచ్చు. కొబ్బరి సబ్బు చాలా త్వరగా గట్టిపడుతుంది. ఐదారు గంటలకి జున్నులా ఉన్నప్పుడే కోయాలి. మరునాటికి వదిలేస్తే కత్తి పెట్టగానే పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది. తురిమే సబ్బే కాబట్టి అందం పోయినా నష్టం లేదనుకోండి. నీడన గాలి తగిలేలా నాలుగు వారాలు ఆరనివ్వాలి.

తురిమాక ఇంకో రెండు మూడు రోజులు ఆరబెట్టి అప్పుడు మిక్సీలో వేయండి. తడి ఉంటే బ్లేడుకి ముద్దలా చుట్టుకుంటుంది. తిప్పిన వెంటనే మూత తీయకుండా కాసేపు ఆగాలి. సబ్బు దుమ్ము ముక్కులోకి పోతే గంటసేపు తుమ్ములే. వేపుడు చేయగా మిగిలిన నూనెతో చేయొచ్చా అని అడిగేవాళ్లు చాలామంది. చేయొచ్చు, కాస్టిక్ లెక్క మాత్రం వేరు. పైగా సబ్బు మెత్తగా వస్తుంది, నెల తిరిగేసరికి దుప్పట్లు పకోడీ వాసన వేస్తాయి.

ఉతికేటప్పుడు వరస ముఖ్యం. తొట్టి నింపి ముందు సోడా వేసి రెండు నిమిషాలు తిప్పండి. ఆ సోడా కాల్షియాన్ని పట్టేసుకున్నాక, 30 గ్రాముల సబ్బు పొడిని లీటరు వేడినీళ్లలో కరిగించి పోయండి. వరస తప్పి సబ్బు ముందు పడితే తెట్టు కట్టేస్తుంది, తర్వాత సోడా వేసినా అది తొందరగా విడవదు. పది పన్నెండు నిమిషాల ఉతుకు, ఆ నీళ్లలోనే తెల్లవాటి తర్వాత రంగువి, రెండుసార్లు జాడింపు. రెండో జాడింపు నీళ్లు తేటగా ఉన్నాయనిపించాక, మూడో నీళ్లలో చెంచాడు నిమ్మఉప్పు కలిపితే సోడా బిరుసు పోతుంది. నిమ్మఉప్పంటే సిట్రిక్ యాసిడ్. సబ్బు మిగిలి ఉండగా దాన్ని వేస్తే సబ్బు విరిగి మళ్లీ కొవ్వుగా మారి బట్టకి పట్టుకుంటుంది. సబ్బులో వెనిగర్ కలిపి 'డబుల్ పవర్' అని చూపించే వీడియోలు చేసేది ఇదే.

టాప్ లోడ్

పూర్తి ఆటోమేటిక్ టాప్ లోడ్‌లో కూడా నీళ్లు 50 లీటర్ల పైనే పడతాయి గనక మంచి నీళ్లున్న ఇంట్లో సబ్బు నడుస్తుంది. సోడాని బట్టలకంటే ముందు డ్రమ్ము అడుగున వేయండి. నీళ్లు నిండి తిరగడం మొదలయ్యాక పాజ్ నొక్కి, కరిగించిన సబ్బు పోసి మూత వేయండి. పొడి పెట్టే అరలో వేయొద్దు, అక్కడ నానిన ముద్ద గట్టిపడిపోతుంది. సాఫ్ట్‌నర్ పోసే గిన్నెలో వంద మిల్లీలీటర్ల నీళ్లలో చెంచాడు నిమ్మఉప్పు కలిపి పోస్తే చివరి జాడింపుకి అదే పడుతుంది. బట్టల నలకలు పట్టే జాలీ సంచిని ప్రతిసారీ చూడండి. నలకలు పొడిగా దూదిలా ఉంటే సరే. వెన్నలా జిడ్డుగా అంటుకుంటే మీ నీళ్లకి ఆ సబ్బు పడట్లేదని అర్థం.

ఫ్రంట్ లోడ్: సబ్బు మాట మర్చిపోండి

ఈ మెషీన్ ఉతుక్కి తీసుకునే నీళ్లు పన్నెండు నుంచి పదిహేను లీటర్లు, అంతే. బట్టల్ని ఎత్తి ఎత్తి పడేస్తుంది కాబట్టి కొంచెం సబ్బుకే నురగ డ్రమ్ము నిండుతుంది. నురగ నిండితే బట్టలు కింద పడవు, పరుపు మీద దొర్లినట్టు దొర్లుతాయి, మురికి వదలదు. నీటి మట్టం చూసే సెన్సర్ లెక్క తప్పుతుంది. పంపు నీళ్లకి బదులు గాలీ నురగా లాగి వట్టిగా తిరుగుతుంది. మెషీన్ మళ్లీ మళ్లీ జాడిస్తుంది, లేదా స్పిన్ చేయకుండా ఆగిపోతుంది. అవి వెంటనే కనిపించే తంటాలు. కనిపించనిది డ్రమ్ము వెనక జరుగుతుంది. అక్కడ డ్రమ్ముని పట్టి ఉంచే మూడు కాళ్ల అల్యూమినియం ముక్క ఒకటుంటుంది. సోడా కలిసిన సబ్బు తెట్టు దాని మూలల్లో తడిగా పేరుకుంటే క్షారం మెల్లగా దాన్ని తింటుంది. ఒకరోజు స్పిన్‌లో డబడబ శబ్దం మొదలవుతుంది. అప్పటికి మెకానిక్ చేసేదేమీ ఉండదు, డ్రమ్ము మార్చాల్సిందే.

కాబట్టి ఫ్రంట్ లోడ్‌కి ఇంట్లో చేసుకోదగ్గది కుంకుడు రసం. నీళ్లలో కాల్షియం ఉన్నా కుంకుడు సబ్బులా విరగదు, తెట్టు కట్టదు. ఉప్పు నీళ్ల ఊళ్లలో తలకి సబ్బు రుద్దుకుంటే జడలు కట్టే జుట్టు కుంకుడుకాయతో జారుతూ వచ్చేది ఇందుకే. హైదరాబాద్ బేగంబజార్‌లో కిలోల లెక్కన దొరుకుతాయి, విశాఖ కేంద్రంగా ఉన్న గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కూడా ఏజెన్సీ కాయల్ని సేకరిస్తుంది. గింజ తీసిన పెచ్చు తూకమే లెక్క.

వంద గ్రాముల పెచ్చుని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున అదే నీళ్లతో సన్నటి సెగ మీద అరగంట ఉడికించాలి. గిన్నె కనీసం నాలుగు లీటర్లది తీసుకోండి, లేకపోతే పాలకంటే దారుణంగా పొంగి స్టవ్వంతా కుంకుడే అవుతుంది. చల్లారాక చేత్తో బాగా పిసికితే పెచ్చు మెత్తగా జారిపోయి రసం చిక్కటి టీ రంగులోకి వస్తుంది. మొదట జల్లెడలో, తర్వాత పలచటి నూలు గుడ్డలో వడగట్టాలి. పిప్పి మిగిలితే అది పంపు ఫిల్టర్‌లో చేరుతుంది. ఇగిరిన నీళ్లు పోసి లీటరు చేయండి. కళ్లలో పడకుండా చూసుకోండి, ఆ మంట తెలుగువాళ్లకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

బయట ఉంచితే ఎండాకాలంలో రెండో రోజుకే పులిసి మూత లేస్తుంది. ఫ్రిజ్‌లో వారం. ఐస్ ట్రేలో గడ్డకట్టించి సంచిలో వేసుకుంటే నెలలు. పొడి చేసిన కుంకుడుని నేరుగా డ్రమ్ములో వేయడం మాత్రం వద్దు, కరగని పీచంతా నల్ల బట్టలకి పడుతుంది.

మోతాదు 7 కిలోల మెషీన్‌లో 150 మిల్లీలీటర్లు, టాప్ లోడ్‌లో వాడితే 350 దాకా. ఫ్రంట్ లోడ్‌లో అద్దం సగానికి మించి నురగ లేస్తే వందకి తగ్గించండి. 40 డిగ్రీల వేడి పెడితే పనితనం తేడా తెలుస్తుంది.

ఇక కాఠిన్యం సంగతి. ఇక్కడ సోడా బదులు సోడియం సిట్రేట్ వాడండి. సోడా కాల్షియాన్ని సున్నపు పొడిలా కింద పడేస్తుంది, అది హీటర్‌కీ బట్టలకీ పడుతుంది. సిట్రేట్ దాన్ని నీళ్లలోనే పట్టుకుని ఉంచి నీళ్లతోపాటే బయటికి పంపుతుంది. చేయడం తేలిక. అర లీటరు వేడినీళ్లలో నిమ్మఉప్పు 100 గ్రాములు కరిగించి, వంట సోడా 120 గ్రాములు చెంచా చెంచాగా వేయండి. ఒక్కసారి వేస్తే ముప్పై లీటర్ల పైగా గాలి బుసబుసమని లేచి గిన్నె దాటిపోతుంది. బుస ఆగాక నీళ్లు చేర్చి 700 మిల్లీలీటర్లు చేసి సీసాలో పోయండి. 300 కాఠిన్యానికి ఉతుక్కి 65 మిల్లీలీటర్లు, 600కి 130. కుంకుడు రసం, ఇదీ కలిపి పొడి వేసే సొరుగులో రెండు గీతల గుర్తున్న అరలో పోస్తే చాలు. రెండూ పలచటివే గనక ఎక్కడా అడ్డుపడవు.

ఫ్రంట్ లోడ్‌లో పొరపాటున సబ్బు పడి నురగ నిండిందనుకోండి. తలుపు లాగొద్దు. మెషీన్ ఆపి నీళ్లు వదిలించి, సొరుగులో వంద మిల్లీలీటర్ల వెనిగర్ పోసి జాడింపు పెట్టండి. సబ్బు నురగ వెంటనే కూలిపోతుంది. ఆ తర్వాత వేడినీళ్లతో ఇంకో ఉతుకు తప్పదు, విరిగిన కొవ్వు పోవాలిగా. కుంకుడు నురగ వెనిగర్‌కి లొంగదు. దానికి మళ్లీ జాడించడమే మార్గం.

ఇప్పటికే ఏడాదిగా తురిమిన సబ్బు వాడుతున్నవాళ్లు ఉతికిన టవలొకటి తీసుకుని, బకెట్ వేడినీళ్లలో చెంచాడు సోడా వేసి అరగంట ముంచి పిండి చూడండి. నీళ్లు పాలలా తెల్లగా, వేళ్లకి జారుడుగా వస్తే తెట్టు బట్టల్లో ఉంది, మెషీన్‌లోనూ ఉంది. మెషీన్ కడగడానికి నిమ్మఉప్పు ఒక్కటే చాలదు. ముందు ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మఉప్పుతో 60 డిగ్రీల ఉతుకు, అది తెట్టులోంచి కాల్షియాన్ని విడగొట్టి కొవ్వు మిగులుస్తుంది. నీళ్లు పూర్తిగా పోయాక 50 గ్రాముల సోడాతో ఇంకో 60 డిగ్రీల ఉతుకు, అది కొవ్వుని మళ్లీ సబ్బు చేసి కడిగేస్తుంది. చివర రెండుసార్లు మంచి జాడింపు, అల్యూమినియం మీద సోడా నిలవకూడదు. ఈ రెండింటి మధ్య బ్లీచింగ్ పౌడర్ పొరపాటున కూడా పడకూడదు. నిమ్మఉప్పుతో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు రబ్బరు మడత లోపల వేలు పెట్టి తుడవండి, నల్లగా జిడ్డుగా వచ్చేదంతా తెట్టు మీద పెరిగిన బూజే.

ఇంట్లో చేసినదానిలో మరకల్ని విడగొట్టే ఎంజైములు ఉండవు. కొన్న పొడికీ దీనికీ అసలు తేడా అక్కడుంది. నెత్తురు, పప్పు, పెరుగు మరకల్ని ముందే చల్లటి నీళ్లలో నానబెట్టి చేత్తో రుద్దాలి. పసుపు మరకకి సోడా తగలగానే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యే సంగతే ఇది. మరక ముదిరిందని కంగారుపడి బ్లీచ్ పోయొద్దు. బాగా జాడించి ఎండలో ఆరేస్తే పసుపు దానంతటదే వెలిసిపోతుంది. పట్టుకీ ఉన్నికీ సోడా ముట్టించకండి, అవి క్షారానికి దెబ్బతింటాయి. పలచటి కుంకుడు నీళ్లలో చేత్తో ముంచి తీయడమే, మెషీన్ వద్దు. తెల్ల చొక్కాలకి కుంకుడు ఒక్కటే వాడుతూ పోతే కొన్నాళ్లకి గోధుమ ఛాయ వస్తుంది. రసంలో సోడా కలిపితే రంగు ఇంకా ముదురుతుంది. తెల్లవాటి వరకు కొన్న పొడే వాడుకోవడంలో తప్పేం లేదు.

ఉతికిన నీళ్లు మొక్కలకి పోసే అలవాటుంటే కుంకుడు నీళ్లు పలచన చేసి పోయొచ్చు. సోడా నీళ్లు పోయకండి, మన్ను చౌడు బారుతుంది. కుంకుడు నీళ్లు మాత్రం చేపలున్న తొట్టెలోకో కుంటలోకో పోనివ్వకండి, చేపలు బతకవు.